క్లీనా, స్నాచా? బార్‌ను ఎలా దించుతారో చూసి తేల్చుకోండి

కర్నూలు అవుట్‌డోర్ స్టేడియంలో అయినా, అనంతపురం పీటీసీ (పోలీస్ శిక్షణ కళాశాల) గ్రౌండ్‌లో అయినా, కడప కబడ్డీ కోర్టుల దగ్గరైనా, పోలీస్ ఈవెంట్స్‌కు తయారయ్యేవాళ్లూ ఆటగాళ్లూ అడిగేది ఒకటే. లాంగ్ జంప్ పెరగాలి, 100 మీటర్లలో మొదటి అడుగుల్లో ఊపు రావాలి. దానికి పవర్ క్లీన్ (బరువుల బార్‌ను ఒక్క ఊపున ఎత్తి, పూర్తిగా కూర్చోకుండా భుజాల మీద అందుకోవడం) మేలా, పవర్ స్నాచ్ (అలాగే ఒక్క ఊపున తలమీదికి ఎత్తడం) మేలా?

కాళ్ల సత్తువ మాటకొస్తే రెండింటికీ పెద్ద తేడా లేదు. చీలమండ, మోకాలు, తుంటి ఒక్కసారిగా విచ్చుకుని బార్‌ను పైకి తోయడమే రెండింట్లోనూ అసలు పని. స్నాచ్‌లో బార్ ఒకే ఊపున తలమీదికి పోవాలి కాబట్టి బరువు తక్కువ, వేగం ఎక్కువ. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మన కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110 కిలోలు, క్లీన్ అండ్ జెర్క్‌లో (క్లీన్ చేశాక భుజాల మీది నుంచి తలమీదికి తోయడం) 130 కిలోలు ఎత్తారు. ఆ స్థాయిలోనే 20 కిలోల తేడా ఉంది.

నా లెక్కలో అసలు తేడా పైకెత్తిన బార్‌ను కిందికి తేవడంలో ఉంది. పోటీల్లో రబ్బరు ప్లేట్లు, చెక్క వేదిక ఉంటాయి, ఎత్తాక వదిలేయొచ్చు. మన ఊళ్లలో చాలా జిమ్ములు మొదటి అంతస్తులో ఉంటాయి, కింద టైల్స్, బార్‌కు ఇనుప ప్లేట్లు. వదిలితే టైల్ పగులుతుంది, ఓనరు మళ్లీ బార్ ముట్టనివ్వడు. క్లీన్‌లో బార్ భుజాల మీద ఉంటుంది. మోచేతులు దించి, మోకాళ్లు కాస్త వంచి తొడల మీదికి జార్చుకోవచ్చు, అక్కణ్నుంచి నేలకు. స్నాచ్‌లో చేతులు వెడల్పుగా చాచి ఉంటాయి. తలమీది నుంచి తొడల దాకా పడే బార్‌ను పట్టుకుని ఆపితే ఆ లాగుడంతా భుజం కీలు మీద, నడుము మీద పడుతుంది. ప్రతి సెట్టులో మూడు సార్లు ఇలా ఆపితే లాభంకన్నా అరుగుదలే ఎక్కువ. అందుకే బార్ వదిలే వీలు లేనివాళ్లకు క్లీనే మేలంటాను.

అదీ నేల మీద నుంచి కాదు, మోకాళ్ల పైనుంచి, అంటే హ్యాంగ్ పవర్ క్లీన్. పోటీ ప్లేటు 45 సెంటీమీటర్ల వ్యాసం ఉంటుంది కాబట్టి బార్ నేలకు 22.5 సెంటీమీటర్ల ఎత్తులో నిలుస్తుంది. పది కిలోల ఇనుప ప్లేట్లు చిన్నవి; బార్ ఇంకా కిందికి పోతుంది, దాన్ని అందుకోబోయి నడుము గూనిలా వంగిపోతుంది.

పాదాలు తుంటి వెడల్పున, పట్టు తొడలకు కాస్త బయట. బొటనవేలిని బార్‌కు చుట్టి దానిమీద వేళ్లు బిగించే హుక్ పట్టే పట్టండి. మొదట్లో నొప్పి పుడుతుంది, తర్వాత అలవాటవుతుంది. పిరుదులు వెనక్కి నెట్టి బార్‌ను మోకాలి పైదాకా దించండి. నడుము నిటారు, భుజాలు బార్‌కు ముందు. బార్ తొడలను రాసుకుంటూ పైకి రావాలి, తొడ పైభాగానికి చేరగానే ఎగిరినట్టు లేవాలి. చేతులు అప్పటిదాకా తాళ్లలాగే ఉండాలి. చాలామంది ఇక్కడే చెడతారు: మోచేతులు ముందే వంచితే కాళ్ల ఊపు బార్‌కు అందదు. తుంటితో బార్‌ను ముందుకు కొడితే అది దూరంగా పోతుంది, దాని వెంట మీరూ ముందుకు దూకుతారు. అందుకునేటప్పుడు మోచేతులు ముందుకు తిరగాలి, బరువు భుజాల ముందు కండ మీద ఆనాలి. మోచేతులు కిందికి వేలాడితే బరువంతా మణికట్టు మోస్తుంది. కాళ్లు బాగా ఎడంగా చాపి అందుకుంటున్నారంటే బరువు ఎక్కువైందనే అర్థం.

మొదటి రెండు వారాలు ఖాళీ బార్ చాలు. మగపిల్లలకు 20 కిలోలు, ఆడపిల్లలకు 15. తర్వాత 2.5 కిలోల చొప్పున పెంచండి. వారానికి రెండు రోజులు, వ్యాయామం మొదట్లోనే, ఐదు సెట్లు, సెట్టుకు మూడు, మధ్యలో రెండు నిమిషాల విరామం. బార్ నెమ్మదించిన సెట్టుతో ఆపేయండి. అలిసిపోయి చేసే క్లీన్ వేగాన్ని నేర్పదు, తప్పుల్నే అలవాటు చేస్తుంది. బార్ చివర ప్లేట్లు ఎక్కించే గొట్టాన్ని వేలితో తిప్పి చూడండి. అది తిరగకపోతే ప్లేట్ల తిరుగుడంతా మణికట్టును మెలిపెడుతుంది, ఆ బార్ వద్దు. మన ఎండాకాలంలో చేతులు చెమర్చినప్పుడు ముఖానికి రాసుకునే పౌడరు పూస్తారు, దానితో పట్టు ఇంకా జారుతుంది. మెగ్నీషియం సుద్దే కావాలి.

స్నాచ్ ఎవరికి? రబ్బరు ప్లేట్లు, ఎదురుగా నిలబడి తప్పు దిద్దే కోచ్, చేతులు చెవుల వెనక్కి నిటారుగా పోయే భుజాలు, ఈ మూడూ ఉన్నవాళ్లకు. మణికట్టు బిగుసుకుని మోచేతులు ఎంతకీ ముందుకు రాని ఆటగాడికైతే క్లీన్‌కన్నా అదే సులువు కూడా, ఎందుకంటే భుజాల మీద బార్ ఆనించే పనే ఉండదు.

కోచ్ లేడు, బార్ బాగోలేదు అంటే క్లీన్ పుల్ చేయండి. కదలిక అదే, అందుకోవడం మాత్రం ఉండదు. డంబెల్స్ పట్టుకుని ఎగరడం కూడా పనికొస్తుంది, రెండు చేతుల్లో కలిపి ఒంటి బరువులో పదో వంతుతో మొదలుపెడితే చాలు. కెటిల్‌బెల్ (పిడి ఉన్న ఇనుప గుండు) స్వింగ్ తుంటికి మంచిదే, దాని బరువు మీకు చాలినంతవరకు.