హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడేవారికి రెటీనా పరీక్ష: సూర్యారావుపేటలోని ఒక కంటి క్లినిక్

కీళ్లవాతానికి ఏళ్ల తరబడి హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రలు వాడుతున్న మా అమ్మగారిని ఈసారి విజయవాడ సూర్యారావుపేటలోని ఒక కంటి క్లినిక్‌లో చూపించాము. ఈ మందు కొందరిలో కంటి వెనుక పొర అయిన రెటీనా మధ్యభాగాన్ని, అంటే మాక్యులాను దెబ్బతీస్తుంది. చూపు తగ్గిందని రోగికి తెలిసేనాటికి జరిగిన నష్టం మళ్లీ పూడదు కాబట్టి, ఏ ఇబ్బందీ లేనప్పుడే పరీక్ష ఎంత శ్రద్ధగా చేశారన్నదే నేను చూసినది.

కళ్ల జోలికి వెళ్లకముందే బరువు తూచడం నాకు బాగా నచ్చింది. రోజు మోతాదు కిలో బరువుకు 5 మిల్లీగ్రాములు మించరాదని అమెరికాలోని కంటి వైద్యుల సంఘమైన అమెరికన్ అకాడమీ ఆఫ్ ఆఫ్తాల్మాలజీ 2016లో సూచించింది. అమ్మగారి 48 కిలోలకు అది 240 అవుతుంది. ఆవిడ వేసుకునేది 200 కనుక ఫరవాలేదన్నారు. కిడ్నీ జబ్బు ఉన్నా, రొమ్ము క్యాన్సర్ మందు టామాక్సిఫెన్ వాడుతున్నా ముప్పు పెరుగుతుంది కాబట్టి ఆ రెండింటి గురించీ ఆరా తీశారు.

చూపు ఎంత మేర అందుతోందో కొలిచే ఫీల్డ్ టెస్టులో ఒక కన్ను మూసుకుని, యంత్రానికి గడ్డం ఆనించి, వెలుగు చుక్క కనబడినప్పుడల్లా బటన్ నొక్కాలి. అమ్మగారు చుక్కల కోసం చూపు అటూ ఇటూ తిప్పుతుంటే టెక్నీషియన్ విసుక్కోకుండా, "మధ్యలో లైటునే చూస్తూ ఉండండమ్మా, పక్కవి వాటంతటవే కనిపిస్తాయి" అని చెప్పి మళ్లీ మొదటినుంచి చేసింది. ఆసియా వారిలో ఈ నష్టం చాలాసార్లు మాక్యులా నడిబొడ్డుకు కాస్త ఎడంగా మొదలవుతుంది. అందుకే మధ్య 10 డిగ్రీలు మాత్రమే చూసే 10-2 అనే ఫీల్డ్ టెస్టుతో సరిపెట్టక, ఇంకా విశాలంగా చూసే 24-2 కూడా చేశారు. నా మార్కుల్లో ఎక్కువ భాగం దీనికే.

లోపం రిపోర్టులో ఉంది. రెటీనా పొరలను చూపించే ఓసీటీ స్కాన్ బొమ్మలు ఇవ్వకుండా "నార్మల్" అని రాసిన ఒక్క కాగితం చేతిలో పెట్టారు. వచ్చే ఏడాది స్కానుతో పోల్చి చూడాలంటే ఆ బొమ్మలే కావాలి కదా! గట్టిగా అడిగాక, చాలాసేపు కూర్చోబెట్టి ఇచ్చారు. కంటిపాపను పెద్దది చేసే చుక్కల మందు వేస్తే కొన్ని గంటలు మసకగా ఉంటుందని ముందే చెప్పి ఉంటే నల్ల కళ్లజోడు తెచ్చుకునేవాళ్లం. మిట్టమధ్యాహ్నం ఏలూరు రోడ్డు దాటడానికి అమ్మగారు పడిన అవస్థ తప్పేది.

రెటీనా సహజంగా వెలిగే తీరును బట్టి నష్టాన్ని చూపే ఆటోఫ్లోరోసెన్స్ ఫోటో తీసే యంత్రం ఇక్కడ లేదు. మందు మొదలుపెట్టిన తొలి ఏడాదిలో చేయించుకోవలసిన ప్రాథమిక పరీక్షకూ, 5 ఏళ్లు దాటాక ఏటా చేయించుకునే పరీక్షకూ ఈ క్లినిక్‌కు నిశ్చింతగా వెళ్లవచ్చు. ఇదివరకే స్కానులో అనుమానం వచ్చినవారు మాత్రం ఆ యంత్రం ఉన్న పెద్ద ఆసుపత్రికి వెళ్లడం మంచిది.