నాలుగేళ్లుగా నా కారులో ఉన్న ఓబీడీ స్కానర్

ఓబీడీ అంటే బండి తన లోపాలను తానే కనిపెట్టి నమోదు చేసుకునే ఏర్పాటు. దాన్ని చదివే ఈఎల్ఎం327 (ఒక చిప్ పేరు) రకం బ్లూటూత్ స్కానర్ కొని నాలుగేళ్లు దాటింది. స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌లో పెట్టి ఫోన్‌లో యాప్ తెరిస్తే, ఇంజిన్ కంప్యూటర్ నమోదు చేసుకున్న లోపాల కోడ్లు కనిపిస్తాయి. నాది 2015 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్.

దీని విలువ రెండో ఏడాదిలో తెలిసింది. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. కోడ్ పీ0171. అంటే ఇంజిన్‌లోకి పెట్రోలుకు మించి గాలి పోతోంది. మెకానిక్ వినగానే "ఆక్సిజన్ సెన్సర్ పోయింది సార్, మార్చేద్దాం" అన్నాడు. అది పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను కొలిచే సెన్సర్. నాకు మనసొప్పలేదు. ఆ కోడ్ సెన్సర్ పోయిందని చెప్పలేదు, సెన్సర్ ఏం చూసిందో చెప్పింది.

కోడ్‌తో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా ఉంటుంది. తప్పు పడిన క్షణంలో వేగం, ఆర్పీఎం, ఇంజిన్ వేడి ఎంతో అందులో ఉంటాయి. నా బండి అప్పుడు ఆగి, ఐడిలింగ్‌లో (ఇంజిన్ మాత్రం నడుస్తూ) ఉంది. ఫ్యూయల్ ట్రిమ్, అంటే గాలికి సరిపడేలా కంప్యూటర్ పెట్రోలును ఎంత పెంచుతోందో చూస్తే ఐడిలింగ్‌లో 22 శాతం, 2500 ఆర్పీఎంకి తీసుకెళ్తే 5కి దిగింది. ఎక్కడో పైపు చిట్లి గాలి లోపలికి లాగుతుంటే సరిగ్గా ఇలాగే ఉంటుంది. ఐడిలింగ్‌లో ఇంజిన్ తీసుకునే గాలే తక్కువ కాబట్టి దొంగగాలి వాటా ఎక్కువ. ఆర్పీఎం పెరిగితే ఆ వాటా తగ్గిపోతుంది. వెతికితే సిలిండర్లకు గాలి పంచే మేనిఫోల్డ్ వెనక సన్న రబ్బరు గొట్టం పగిలి ఉంది. దాని ఖరీదు 180 రూపాయలు.

లోపాలూ ఉన్నాయి. ఇంతకన్నా ముందు కొన్న చవక స్కానర్ నా బండికి కనెక్టే కాలేదు. ఇది కూడా నా కారులో ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ కోడ్లు చదవదు. సాకెట్‌లోనే వదిలేసి పది రోజులు ఊరెళ్తే బ్యాటరీ దిగిపోయింది. అప్పటి నుంచి వాడగానే తీసేస్తున్నా.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తాను. చెక్ ఇంజిన్ లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటే స్కానర్ కోసం వెతక్కండి, నెమ్మదిగా పక్కకు ఆపేయండి. అది మిస్‌ఫైర్, అంటే సిలిండర్‌లో పెట్రోలు సరిగ్గా మండట్లేదు. కాలని పెట్రోలు, పొగను శుభ్రం చేసే కెటాలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి దాన్ని పాడుచేస్తుంది.

యాప్‌లో 'క్లియర్' నొక్కితే కోడ్‌తో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతుంది. అందుకే బండిని షెడ్డుకు ఇచ్చే ముందు అన్నిటికీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటున్నాను.