వైర్‌లెస్ డీబగ్గింగ్: ఆరు నెలలు వాడాక

నా ఫోన్ ఛార్జింగ్ పోర్ట్ వదులైపోయింది. కేబుల్ కాస్త కదిలితే చాలు, రాస్తున్న యాప్ ఫోన్‌లోకి ఎక్కుతుండగానే కనెక్షన్ తెగిపోయేది. అందుకే ఆరు నెలల నుంచి వైర్‌లెస్ డీబగ్గింగ్‌నే నమ్ముకున్నాను. ల్యాప్‌టాప్ నుంచి వైఫై మీదుగానే ఫోన్‌లోకి యాప్ ఎక్కించి టెస్ట్ చేసుకునే వీలిది. యాప్‌లు రాసేవాళ్ల కోసం ఫోన్ సెట్టింగ్స్‌లో ఉండే డెవలపర్ ఆప్షన్స్‌లో దీని స్విచ్ ఉంటుంది.

సౌకర్యానికి వంక పెట్టలేం. ఆండ్రాయిడ్ 11 నుంచి కేబుల్ ముట్టుకోకుండానే, ఆరంకెల కోడ్ కొట్టో, క్యూఆర్ స్కాన్ చేసో ల్యాప్‌టాప్‌ను జత చేసుకోవచ్చు. ఆ తర్వాత రెండూ ఒకే వైఫైలో ఉంటే చాలు. డేటా ఎన్‌క్రిప్ట్ అయ్యే, అంటే మధ్యలో ఎవరూ చదవలేని రూపంలోనే వెళ్తుంది. పాత పద్ధతిలో ముందు కేబుల్ పెట్టి, ఫోన్‌లో 5555 అనే నెట్‌వర్క్ పోర్ట్ (బయటి కంప్యూటర్లు కనెక్ట్ అయ్యే దారి) తెరిచేవాళ్లం, ఎన్‌క్రిప్షన్ ఊసే లేదు. అలా తెరిచి వదిలేసిన ఆండ్రాయిడ్ టీవీ బాక్సుల్లోకి 2018లో ఏడీబీ మైనర్ అనే వైరస్ దూరి, వాటితో క్రిప్టో మైనింగ్ చేయించింది.

నాకు టెన్షన్ పెట్టింది మాత్రం హ్యాకర్ కాదు, నా మతిమరుపే. మొన్న జత చేసిన డివైజుల జాబితా తెరిస్తే రెండు పేర్లున్నాయి. ఒకటి నాది. రెండోది నా స్నేహితుడి ల్యాప్‌టాప్. ఎప్పుడో ఒక సాయంత్రం వాడి గదిలో యాప్ టెస్ట్ చేసి వదిలేశాను. వాడు దాన్ని అమ్మేశాడు కూడా. "ఫార్మాట్ చేసే ఇచ్చావా?" అంటే "చేసే ఉంటాన్లే" అన్నాడు!

నిజానికి వారం రోజులు కనెక్ట్ కాని కంప్యూటర్ అనుమతి దానంతటదే రద్దవ్వాలి. మాటిమాటికీ జత చేయడం చిరాకనిపించి, ఆ గడువును ఆపేసింది నేనే.

అలా జత అయిన కంప్యూటర్ ఎవరి చేతిలోనైనా పడి, నా ఫోన్‌లో వైర్‌లెస్ డీబగ్గింగ్ స్విచ్ ఆన్‌లో ఉండగా అదే వైఫైలోకి వస్తే? ఫొటోలు లాగేయొచ్చు. కొత్త యాప్ ఎక్కించి, కెమెరా, మైక్ పర్మిషన్లు నన్ను అడక్కుండానే ఇచ్చేయొచ్చు. బ్యాంకు యాప్ లోపలి ఫైళ్లు మాత్రం నేరుగా చదవలేరు, అంతవరకు నయం. వైఫై పోయినా, ఫోన్ రీస్టార్ట్ చేసినా స్విచ్ ఆఫ్ అయిపోవడం కూడా మంచి ఏర్పాటే.

జాబితాలో స్నేహితుడి ల్యాప్‌టాప్ పేరు మీద నొక్కి ఫర్‌గెట్ కొట్టాను, గడువు మళ్లీ పెట్టాను. ఐదుకు నాలుగు మార్కులిస్తాను. నా ఫోన్‌లో ఆ జాబితాలో డివైజు పేరు కనిపిస్తుంది గానీ, చివరిసారి ఎప్పుడు కనెక్ట్ అయిందో కనిపించదు. ఒక మార్కు కోసింది అందుకే.