మా కాలేజీ అత్యవసర వసతి సాయం: అయిదుకి మూడున్నర

గత సెమిస్టర్‌లో 19 రాత్రులు ఆరుగురి ఇళ్లలో పడుకున్నాను. రూమ్మేట్ చెప్పాపెట్టకుండా వెళ్లిపోయాడు, అద్దె మొత్తం నా మీద పడింది, కట్టలేకపోయేసరికి ఓనర్ ఖాళీ చేయించాడు. ఇంటికి వెళ్లే పరిస్థితి లేదు, దాని గురించి ఇక్కడ రాయను.

ఈ సాయం ఉందని ముందే తెలుసు. ‘ఇల్లు లేని విద్యార్థులకు’ అన్న పోస్టర్ రోజూ చూసేవాణ్ణి. మనకి కాదులే, ఫ్రెండ్ సోఫా ఉందిగా అనుకునేవాణ్ణి. ఓ రాత్రి లైబ్రరీ మూసే టైమ్‌కి బట్టల బ్యాగుతో కూర్చున్న నన్ను చూసి లైబ్రేరియన్ మేడమ్, పొద్దున్నే ఈ సాయం ఇచ్చే ఆఫీసుకి వెళ్లమన్నారు.

ఫారంలో ‘మీకు ఇల్లుందా?’ అని లేదు. ‘గత వారం ఏ రాత్రి ఎక్కడ పడుకున్నారు? రేపు కూడా అక్కడే పడుకోవచ్చా?’ అని ఉంది. రెండో ప్రశ్న దగ్గర నా పెన్ను ఆగిపోయింది. అమెరికాలో 1987లో వచ్చిన మెకిన్నీ-వెంటో చట్టం, గత్యంతరం లేక ఇంకొకరింట్లో సర్దుకుంటున్న బడిపిల్లల్ని కూడా ఇల్లు లేనివాళ్లుగానే లెక్కిస్తుందట. మేమూ అదే లెక్క పెట్టుకున్నామని కౌన్సెలర్ చెప్పారు.

ఆ సాయంత్రమే హాస్టల్లో గది తాళం ఇచ్చారు, 21 రోజులకి. గదికన్నా ఎక్కువ పనికొచ్చింది అడ్రస్. కాలేజీ చిరునామాకే నా ఉత్తరాలు తెప్పించుకోమన్నారు. బ్యాంకు కార్డు, స్కాలర్‌షిప్ కాగితాలు అన్నీ అలాగే వచ్చాయి. ఫీజు సెక్షన్‌తో, ఇద్దరు లెక్చరర్లతో కౌన్సెలరే మాట్లాడారు. నా గోడు ప్రతి కౌంటర్ దగ్గరా వెళ్లబోసుకునే పని తప్పింది.

ఇక మార్కులు ఎక్కడ పోయాయంటే, ముందు గార్డియన్ సంతకం. ఇంట్లోవాళ్లతో మాటల్లేకే కదా ఇక్కడిదాకా వచ్చింది! నాలుగు రోజులు టెన్షన్ పెట్టి, చివరికి కౌన్సెలర్ లెటర్ చాలన్నారు. ఆ ముక్క మొదటిరోజే చెప్పొచ్చు. తర్వాత, కొత్త గదికి అడ్వాన్స్. తిరిగి కట్టక్కర్లేని డబ్బే ఇచ్చారు, కాదనను. కానీ గది గడువు 21వ రోజున అయిపోతే డబ్బు 26వ రోజున వచ్చింది. మధ్యలో మళ్లీ సోఫా, మళ్లీ అదే ఫ్రెండ్ ముందు అదే మొహం. ఈ రెండు తారీఖులూ ఒకే ఆఫీసు చేతిలో ఉన్నాయి మరి. సెలవుల్లో హాస్టల్ మూసేస్తే ఎక్కడ ఉండాలని అడిగాను, జవాబు రాలేదు. అందుకే మూడున్నర.

వెళ్లేవాళ్లు ఐడీ కార్డు, పాత అద్దె రసీదు, ఖాళీ చేయమని ఓనర్ పెట్టిన మెసేజ్ తీసుకెళ్లండి. ఫ్రెండ్ సోఫా సంగతి దాచకుండా రాయండి. ఆఫీసు తెరిచే టైమ్‌కే వెళ్లండి, ఉన్నవి నాలుగే గదులు.