ఒక్క సీ డ్రైవా, సీ-డీ రెండూనా?

కంప్యూటర్‌లోని 512 జీబీ ఎస్‌ఎస్‌డీ (డేటా దాచే డిస్క్) విండోస్‌లో 476 జీబీగానే కనిపిస్తుంది. అదంతా విండోస్ ఉండే సీ డ్రైవ్‌కే వదిలేస్తే ఖాళీ ఎక్కడా చిక్కుకుపోదు. కానీ ఫార్మాట్ కొట్టాల్సి వస్తే ముందు ఫొటోలన్నీ బయటి డిస్క్‌కు ఎక్కించుకోవాలి.

సీకి 200 జీబీ, మిగతాది ఫొటోల్లాంటివి దాచుకునే డీకి ఇస్తే సీని మాత్రమే తుడిచి విండోస్ మళ్లీ వేసుకోవచ్చు. మా ఓటు దీనికే. అలాగని డీ బ్యాకప్ కాదు. డిస్క్ చెడితే రెండూ పోతాయి.

అసలు తంటా కొలతల్లోనే. సీకి 80 ఇచ్చి పిసినారితనం చూపిస్తే త్వరలోనే అది నిండిపోయి ఎర్రగీత పడుతుంది. పెంచుదామంటే విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్ టూల్‌లో ‘ఎక్స్‌టెండ్ వాల్యూమ్’ నొక్కనివ్వదు: ఖాళీ జాగా సీకి ఆనుకుని కుడిపక్కనే ఉండాలి, అక్కడేమో డీ కూర్చుని ఉంటుంది. డీని ‘ష్రింక్’ చేసి కుదించినా ఖాళీ వచ్చేది దాని చివర్లోనే. డీలోవి వేరేచోట దాచి, దాన్ని డిలీట్ చేశాకే ఈ టూల్‌తో సీ పెరిగేది.