ఆరేళ్ళు వాడిన శ్రుతిపెట్టె: యాభై దాటాక పద్యనాటకం ఎంపికలకు వెళ్ళే ఆడవాళ్ళ కోసం

పాడేవాళ్ళకు ఆధారంగా ఒకే శ్రుతిని ఆగకుండా మోగించే ఈ ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె కొని ఆరేళ్ళయింది. కొన్నాక పద్యనాటకాల ఎంపికలకు ఆరుసార్లు వెళ్ళాను, మూడు వేషాలు దొరికాయి. పెట్టె ఎలా ఉందో చెప్పాలంటే ఆ ఎంపికల సంగతి కూడా చెప్పాలి. అంతకు ముందు వెళ్ళిన ఒక ఎంపికలో దెబ్బ తినబట్టే దీన్ని కొన్నాను.

2020 జనవరి 31న బీఎస్‌ఎన్‌ఎల్‌లో వీఆర్‌ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) తీసుకున్నాను. అప్పటికి నాకు 56. అనంతపురం ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేరి, ట్రంకు కాల్స్ కలిపిన రోజుల నుంచి గొంతుతోనే బతికినదాన్ని. చిన్నప్పుడు స్కూల్లో, కాలేజీలో పద్యం పాడమంటే నన్నే లేపేవారు. పెళ్ళి, పిల్లలు, డ్యూటీలు, వీటి మధ్య అదంతా ఆగిపోయింది. ఉద్యోగం వదిలిన నెలలోనే, ఊళ్ళో ఒక నాటక సమాజం కుంతి వేషానికి మనిషిని చూస్తోందని తెలిసి వెళ్ళాను.

చిన్న హాలు. మూడు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక కాళ్ళ హార్మోనియం. మాస్టారు తల ఎత్తకుండానే "ఏం శ్రుతి పాడతావమ్మా?" అని అడిగారు. "మీ ఇష్టం సార్" అన్నాను. ఆయన ఐదు పట్టారు. హార్మోనియం మెట్లను బట్టి శ్రుతిని ఒకటి, రెండు అని లెక్కపెడతారు, అంకె పెరిగేకొద్దీ గొంతు పైకి లేవాలి. కాలేజీలో ఐదున్నరకు పాడినదాన్ని, ఐదు నాకొక లెక్కా అనుకున్నాను. మొదటి పాదం బాగానే వచ్చింది. మూడో పాదంలో పై పంచమం (పై స్థాయి 'ప') అందుకోవాల్సిన చోట గొంతు లేవలేదు. బలవంతంగా లేపితే చీలింది. మాస్టారు మెట్ల మీద నుంచి వేళ్ళు తీసేసి "సరేమ్మా, చెప్పి పంపిస్తాం" అన్నారు. ఎవరూ చెప్పి పంపలేదు. ఇంటికొచ్చి చాలాసేపు ఎవరితోనూ మాట్లాడలేదు.

మార్చి మొదటి వారంలో ఈ పెట్టె కొన్నాను. నెల తిరక్కుండానే లాక్‌డౌన్ వచ్చింది. ఆ రెండు నెలలూ నాకు గురువు ఇదే.

చూడటానికి పాతకాలం చిన్న రేడియోలా ఉంటుంది. ఒక నాబ్ శ్రుతికి, ఒకటి సన్నగా సరిచేసుకోవడానికి, ఒకటి శబ్దానికి. పక్కన 'స'తో పాటు మోగేది పంచమమా, మధ్యమమా ('మ') అని మార్చుకునే స్విచ్చు. నేను రోజూ ఒక్కో శ్రుతి పెట్టుకుని, కింద పంచమం దాకా దిగి, పైన పంచమం దాకా ఎక్కి, ఏది హాయిగా వచ్చిందో, ఏ చోట మెడ నరాలు బిగిశాయో ఒక నోటుబుక్‌లో రాసుకున్నాను. ఇరవై రోజులకు తేలింది, నా శ్రుతి ఇప్పుడు నాలుగు. ఐదున్నర నుంచి నాలుగుకు దిగిపోయిందంటే మొదట మనసు ఒప్పుకోలేదు. ఇంకాస్త దించి మూడున్నర ప్రయత్నిద్దామా అంటే ఆ శ్రుతే లేదు, 'అర' శ్రుతులు నల్ల మెట్లవి, మూడుకీ నాలుగుకీ మధ్య హార్మోనియం మీద నల్ల మెట్టు ఉండదు. మూడు పెడితే కింది స్వరాలు గాలిలా పోతున్నాయి. నాలుగే.

తర్వాత చెవి, ముక్కు, గొంతు డాక్టరమ్మను అడిగితే విషయం అర్థమైంది. నెలసరి ఆగాక హార్మోన్లు తగ్గి స్వరతంత్రులు కాస్త మందమవుతాయి, అందుకని ఆడవాళ్ళ గొంతు కిందికి దిగుతుంది. అది జబ్బు కాదు. ఈ ఒక్క మాట ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఆ హాల్లో "మీ ఇష్టం" అనేదాన్ని కాదు.

ఇంకో సంగతి కూడా పెట్టె వల్లే తెలిసింది. పొద్దున ఆరింటికి నా గొంతు బరువుగా ఉంటుంది, సాయంత్రానికి తేలికవుతుంది. మన దగ్గర ఎంపికలన్నీ సాయంత్రం ఆరు దాటాకే, అందరూ పనుల నుంచి రావాలి కదా. కాబట్టి నేను సాధన కూడా సాయంత్రానికి మార్చుకున్నాను. ఏ వేళ పాడాలో ఆ వేళే పాడి చూసుకోవాలి.

రెండోసారి ఇంకో సమాజానికి వెళ్ళినప్పుడు అదే ప్రశ్న వచ్చింది. "నాలుగు పెట్టండి సార్" అన్నాను. ఈ మాస్టారు తలెత్తి చూశారు. "అయితే మా కర్ణుడితో ఇబ్బంది లేదు, వాడూ నాలుగే" అన్నారు. మైకులు లేని కాలంలో జనంలో ఆఖరున కూర్చున్నవాడికి కూడా వినపడాలని మగవాళ్ళు పై శ్రుతిలో పాడేవారు, ఆ అలవాటు మన స్టేజీ మీద ఇంకా పోలేదు. నాలాంటి దిగిన ఆడగొంతుకు అది కలిసొచ్చింది. ఆ రోజు కర్ణుడి దగ్గరికి కుంతి వచ్చే ఘట్టంలోని పద్యం పాడాను. వేషం నాదే అన్నారు.

అయితే శ్రుతి ఒక్కటే చాలదు, ఊపిరి కూడా కావాలి. ఉత్పలమాలలో పాదానికి 20 అక్షరాలు, యతి పదో అక్షరం దగ్గర. చంపకమాలలో 21, యతి పదకొండో అక్షరం. వయసులో ఉన్నప్పుడు పాదమంతా ఒక్క ఊపిరిలో లాగేదాన్ని. ఇప్పుడు మధ్యలో ఊపిరి తీసుకోవాల్సిందే. యతి దగ్గర ఆగుదామంటే చాలా పద్యాల్లో అక్కడ మాట మధ్యలో తెగుతుంది, అర్థం చచ్చిపోతుంది. కాబట్టి పెన్సిలుతో పద్యం మీద మాట పూర్తయ్యే చోట గీతలు పెట్టుకుని, పెట్టె సన్నగా మోగుతుండగా అక్కడ మాత్రమే ఊపిరి తీసుకోవడం అలవాటు చేసుకున్నాను. పద్యం చివర రాగం తీసేది కూడా తగ్గించాను. ఎంపిక చేసేవాళ్ళు వినేది మాట స్పష్టంగా ఉందా, శ్రుతిలో నిలబడిందా అన్నదే. సాగదీసిన రాగంలో గొంతు వణికితే అంతవరకు పాడిన మంచి పద్యం కూడా దెబ్బతింటుంది.

ఇక పెట్టె లోపాలు. నేను శ్రుతి తప్పితే ఇది చెప్పదు, చెవే చెప్పాలి. అందుకని ఫోన్లో రికార్డు చేసుకుని మర్నాడు వింటాను. అదే రోజు వింటే మన తప్పు మనకు వినపడదు. రెండో ఏడు శబ్దం నాబ్ గరగరలాడటం మొదలైంది. మా ఊరి ఎండ, దుమ్ము తక్కువేమీ కాదు, గుడ్డ కప్పకుండా ఉంచడం నా పొరపాటే. రేడియోలు బాగుచేసే అబ్బాయి 150 రూపాయలకు మార్చాడు, ఇప్పటికీ బాగుంది. ఒకసారి నాలుగు నెలలు వాడకుండా సెల్లులు లోపలే వదిలేస్తే కారి తుప్పు పట్టింది. వాడనప్పుడు సెల్లులు తీసేయండి. ఆరుబయట మైదానంలో రిహార్సలైతే దీని శబ్దం చాలదు. ఫోన్లో ఉచితంగా తంబూరా యాప్‌లు దొరుకుతాయి, అవీ వాడి చూశాను. పాడుతుండగా ఫోను వస్తుంది, చిన్న స్పీకర్లో షడ్జం ('స') నిండుగా వినపడదు. ప్రయాణంలో యాప్ సరిపోతుంది, ఇంట్లో సాధనకు పెట్టే నయం.

దొరకని మూడు వేషాల గురించి కూడా చెప్పాలి. రెండింట్లో నాకంటే బాగా పాడినవాళ్ళు వచ్చారు, వాళ్ళకు దక్కడం న్యాయం. మూడోచోట మాత్రం పద్యం పాడనివ్వకుండానే "ఈ వయసులో ఎందుకమ్మా, ఆడవేషాలకు డబ్బులిచ్చి ఆర్టిస్టులను పిలుచుకుంటాంలే" అన్నారు. అది నాకు చాలా బాధ కలిగించింది. ఆ ఆర్టిస్టుల మీద నాకు ఏ కోపమూ లేదు, అది వాళ్ళ బతుకు. కానీ కుంతి, గాంధారి వయసు మళ్ళిన తల్లులు. ఆ మాటలు వయసైన గొంతులో పలికితే వాటి బరువే వేరు. స్త్రీ పాత్రలు స్త్రీలే వేయాలని పట్టుబట్టిన నటుడు బళ్ళారి రాఘవ మన తాడిపత్రిలో పుట్టినాయన. నాటకానికి పాటలు, పద్యాలు అలవాటు చేసిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు ఆయనకు మేనమామ. అలాంటి సీమలో ఒక ఆడమనిషి పాడతానని నడిచి వస్తే కనీసం ఒక పద్యం వినాలి.

పెట్టె ఇప్పుడు ఎక్కువగా మా వీధి చివర బట్టలు కుట్టే అక్క చేతిలో ఉంటోంది. ఆమెకు 58. గాంధారి వేషానికి వచ్చే నెలలో ఎంపిక ఉందని తెలిసి, నేనూ వస్తానంది. వారం నుంచి మిషన్ ఆపేసి ఏడింటికి మా ఇంటికి వస్తోంది. మొన్న ఒకటి నుంచి మొదలుపెట్టి ఒక్కో శ్రుతి పెంచుకుంటూ పోయాను. ఐదు దగ్గర ఆమె మొహం విప్పారింది. ఐదున్నర పెడితే మెడ బిగిసింది, వెనక్కి తిప్పాను. నోటుబుక్‌లో ఆమె పేరు రాసి పక్కన ఐదు అని వేశాను. నా పేరు పక్కన నాలుగు అలాగే ఉంది. ఇద్దరం ఒకే వేషానికి వెళ్తున్నాం.