బందరులో 140, పెడనలో 165: బొంత గుడ్డ కోసం రెండు రోజులు

బందరులో కొన్న ఎర్ర గుడ్డ తొమ్మిది మీటర్లు ఇంకా మా అటక మీదే ఉంది. పదో మీటరు లాడ్జి బకెట్లో పాడైంది. పోయిన 1,400 రూపాయల సంగతి సరే, "ఇది చేత్తో అచ్చులు వేసిన కలంకారీ అమ్మా, ఎన్నిసార్లు ఉతికినా రంగు పోదు" అని మా పిన్నికి ఎదురుగా కూర్చుని చెప్పాడే ఆ షాపాయన, ఆ మాట మీదే నా కోపమంతా. బొంతలు కుట్టుకునేవాళ్లు ఎవరైనా అటువైపు గుడ్డ కొనడానికి వెళ్తే మాలాగా మోసపోకూడదని ఇది రాస్తున్నాను.

పిన్ని చేత్తో బొంతలు కుడుతుంది. ఒకప్పుడు పాత చీరలతో కుట్టేది. ఇప్పుడు కొత్త నూలు గుడ్డ ముక్కలు అతికి పైపొర చేసి, మధ్యలో దూది పరిచి కుడుతోంది. అక్క కూతురి పెళ్లికి డబుల్ కాట్ బొంత ఒకటి అనుకున్నాం. ఎరుపు, నలుపు కలంకారీ, మధ్యమధ్య తెల్ల ముక్కలు. తెలుపు పక్కన ఎరుపు అంటేనే టెన్షన్. ఒక్క ముక్క రంగు దిగినా మూడు నెలల పని బూడిదలో పోసినట్టే.

జనవరిలో వెళ్లాం. హైదరాబాద్ నుంచి విజయవాడకు రైలు, అక్కడి నుంచి బందరుకు బస్సులో 70 కిలోమీటర్లు. దారిలో ఏ ఇబ్బందీ లేదు. లాడ్జిలో నాన్ ఏసీ గది 1,200. దోమలు ఉన్నాయి గానీ దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి.

సాయంత్రం ఆ షాపుకెళ్లాం. కాఫీ తెప్పించారు, తానుల మీద తానులు విప్పారు. లైట్ల కింద గుడ్డ మెరిసిపోతోంది. పన్నా 44 అంగుళాలన్నాడు. మీటరు 160 చెప్పి, బేరమాడితే 140కి దిగాడు. పిన్ని అంచు దగ్గర రెండు వేళ్లతో నలిపి చూసి, "గంజి బాగా పట్టించినట్టున్నాడే" అంది. రంగు నచ్చి నేను వినిపించుకోలేదు. బిల్లు అడిగితే తెల్ల చీటీ మీద మొత్తం రాసిచ్చాడు. జీఎస్టీ నంబరు లేదు, షాపు పేరు కూడా లేదు. అప్పుడైనా ఆగాల్సింది.

గదికి రాగానే పిన్ని ఒక మీటరు కొలిచి కత్తిరించి బకెట్లో వేసింది. ఐదు నిమిషాలకే నీళ్లు దానిమ్మ రసంలా అయ్యాయి. చేత్తో పిండితే జిగురుగా గంజి దిగింది. నాలుగుసార్లు నీళ్లు మార్చాం, నాలుగోసారీ ఎరుపే. గంజి పోయాక గుడ్డ పట్టుకుంటే చేతిలో ఏమీ లేనట్టుంది. ట్యూబ్‌లైటుకు ఎదురుగా పెడితే పోగుల మధ్య నుంచి వెలుతురు చుక్కలు చుక్కలుగా కనబడుతోంది. ఇలాంటి పలచటి నేతలోంచి నాలుగు ఉతుకులకే లోపలి దూది బయటికి తన్నుకొస్తుంది. అప్పుడు తిరగేసి చూశాం. వెనకవైపు పాలిపోయి ఉంది, బొమ్మ పైపైనే ఉంది. స్క్రీన్ ప్రింట్.

లాడ్జి వాచ్‌మన్‌కు మాత్రం దండం పెట్టాలి. రాత్రి పదింటికి మేడ తలుపు తీసి, ఆరేసుకోవడానికి తాడు కట్టిపెట్టాడు. ఉదయం ఇస్త్రీ పెట్టె కూడా తెచ్చిచ్చాడు. ఆరాక టేపుతో కొలిచాం. మీటరు పొడవు 93 సెంటీమీటర్లకు వచ్చింది. పన్నా తడపకముందే 41 అంగుళాలు, ఇప్పుడు 39.

షాపు తెరవగానే వెళ్లి, మిగతా తొమ్మిది మీటర్లు వెనక్కి తీసుకోమన్నాం. "కోసిన గుడ్డ తీసుకోం" అన్నాడు. నిన్న అమ్మా అన్న మనిషి ఈరోజు తలెత్తి చూడలేదు. పిన్ని మారు మాట్లాడకుండా బయటికొచ్చేసింది. మంగినపూడి బీచ్‌కి వెళ్దామన్నా వద్దంది. పెడన వెళ్లేదాకా నోరు విప్పలేదు.

పెడన బందరుకు పది కిలోమీటర్లు. షేర్ ఆటోలో మనిషికి 30. అక్కడ మేం షాపులకు పోలేదు, నేరుగా అద్దకం జరిగే చోటికే వెళ్లాం. పొడుగాటి బల్లలు, వాటి మీద తడి గోనెలు, పైన పరిచిన గుడ్డ. కోరా గుడ్డను ఉతికి, కరక్కాయ కలిపిన పాలలో ముంచి ఆరబెడతారు. అందుకే అది లేత పసుపుగా ఉంది, దగ్గరికెళ్తే ఒక రకమైన వగరు వాసన. బెల్లం నీళ్లలో ఇనుప ముక్కలు రోజుల తరబడి నానబెట్టి తీసిన ద్రవంలో టేకు అచ్చు ముంచి గుడ్డ మీద అద్ది, పిడికిలితో ఒక్క గుద్దు గుద్దారు. కరక్కాయ పట్టిన గుడ్డ మీద అది కళ్ల ముందే నల్లబడింది.

ఎరుపు సంగతి ఇంకా ఆశ్చర్యం. అచ్చుతో అద్దేది ఎరుపు కాదు, పటిక. రంగు తొట్టిలో వేసి ఉడికించినప్పుడు పటిక ఉన్నచోటే ఎరుపు పట్టుకుంటుంది. పటికే రంగును పోగుకు కట్టేస్తుంది కాబట్టి అది గట్టిగా నిలుస్తుంది. ఎరుపుకు అలిజరిన్ అనే కృత్రిమ రంగు వాడుతున్నామని వాళ్లే చెప్పారు, దాచలేదు.

అక్కడి పెద్దాయన పిన్నిని "చెల్లెమ్మా" అంటూ గుడ్డ చూడటం నేర్పాడు. "అచ్చుకీ అచ్చుకీ మధ్య అతుకు వెతుకు. వెంట్రుకవాసి ఎక్కడో ఒకచోట ఎక్కుతుంది, లేదా జరుగుతుంది. తాను మొత్తం గీత గీసినట్టుంటే అది చేత్తో వేసింది కాదు." తర్వాత గుడ్డ తిరగేశాడు, వెనక కూడా రంగు దిగి ఉంది. పిన్ని తడి తెల్ల రుమాలు తీసి ఎరుపు మీద గట్టిగా రుద్దింది. లేత గులాబీ అంటింది. ఆయన ఏమీ అనుకోలేదు. "మొదటి రెండు ఉతుకుల్లో మిగులు రంగు కొంచెం పోతుంది. చన్నీళ్లలో విడిగా ఉతికి నీడన ఆరెయ్యండి" అన్నాడు. ఒక ముక్క ఇచ్చి అక్కడే ఉతికి చూసుకోమన్నాడు. రెండు ఉతుకుల తర్వాత రుద్దితే రుమాలుకు ఏమీ అంటలేదు.

పిన్ని సంచిలోంచి సూది తీసి మూలన గుచ్చింది. తనకిదొక పరీక్ష. సూది దిగేటప్పుడు టప్‌మని చప్పుడైతే నేత మరీ బిగువు, మూడు పొరల్లో కుట్టేసరికి వేళ్లు పుండవుతాయి. ఇది చప్పుడు లేకుండా దిగింది. ఆ రోజు పిన్ని మొహంలో నవ్వు చూడటం అదే మొదలు.

ధర మీటరు 165, బేరం లేదు. ఎరుపు ఎనిమిది, నలుపు ఆరు, మొత్తం 14 మీటర్లకు 2,310. ఐదు శాతం జీఎస్టీతో 2,425.50. పక్కా బిల్లు ఇచ్చారు.

140 ఎక్కడ, 165 ఎక్కడ అనుకుంటారేమో. లాడ్జికొచ్చి కాగితం మీద లెక్క వేశాను. పెడన గుడ్డ అద్దకంలోనే ఎన్నోసార్లు తడిసి, ఉడికి ఉంటుంది కనుక మళ్లీ పెద్దగా కుంచించుకుపోదు. ఉతికాక మీటరుకు 98 సెంటీమీటర్లు, పన్నా 43న్నర అంగుళాలు నిలిచింది. చేతికొచ్చిన గుడ్డను చదరపు మీటర్లలో చూస్తే బందరు షాపుదీ 152 రూపాయలే, పెడనదీ 152 రూపాయలే. మీటరు మీద 25 రూపాయలు తగ్గించి ఆయన నాకిచ్చింది ఏమీ లేదు. అసలు స్క్రీన్ ప్రింట్‌ను స్క్రీన్ ప్రింటనే చెప్పి 80కి అమ్మితే, కిటికీ తెరలకు నేనే కొనుక్కునేదాన్ని.

వచ్చేముందు కిలో 350 చొప్పున కట్‌పీసులు ఒక కిలో తీసుకున్నాం. ఈ మందం గుడ్డ కిలోకు సుమారు ఎనిమిది మీటర్లు తూగుతుంది. చిన్న ముక్కలు, మరకలు తీసేస్తే సగం మిగిలినా మీటరు 90 లోపే పడినట్టు. బొంతకు ఇంతకంటే చవక లేదు, కాకపోతే మూట విప్పి ఏరుకోనిస్తేనే కొనండి. వానాకాలంలో మాత్రం వెళ్లకండి. ఎండ లేకపోతే అద్దకమే సాగదు.

సాయంత్రం మంగినపూడి తనే వెళ్దామంది.

బొంత పైపొర ఇప్పటికి సగమైంది. తెలుపు పక్కన ఎరుపు పెట్టబోయేటప్పుడల్లా పిన్ని ఆ ముక్కను ఇంకోసారి తడిపి రుమాలుతో రుద్ది చూస్తోంది, పెడన గుడ్డే అయినా సరే.